అంతరిక్షం గురించి ఎంపీ గారి పీఏకి చెప్పడం ఎలా (పెళ్ళిళ్ళలో బాబాయిలకి కూడా)

మాది సూళ్ళూరుపేట దగ్గర. చిన్నప్పుడు శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో రాకెట్ వదిలిన రోజు వంటింట్లో స్టాండు మీద స్టీలు గిన్నెలు గలగలమనేవి, మా నాయనమ్మ పైకి చూడకుండానే "వదిల్నారా" అనేది, మళ్ళీ చింతపండు పిసుక్కునేది. తర్వాత చదువు, హైదరాబాదు, ఉద్యోగం, అందరిలాగే. ఆ పిచ్చి మాత్రం నన్ను వదల్లేదు. మనుషులు భూమి దాటి వెళ్ళి ఉండాలి, అక్కడ పని చేసుకోవాలి, వ్యాపారాలు పెట్టుకోవాలి అని గట్టిగా నమ్మే బ్యాచ్ నేను. మీరూ అదే బ్యాచ్ అయితే ఇది మీ కోసమే, ఎందుకంటే మనం నమ్మినంత మాత్రాన ఏం జరగదు, చట్టాలు చేసేవాళ్ళూ డబ్బులు కేటాయించేవాళ్ళూ వేరే ఉన్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగాలి, అడగడం మనకి రాదు. నాకూ రాలేదు. దెబ్బలు తిని నేర్చుకున్నదే రాస్తున్నా.

మొదటి దెబ్బ ఇది. కొన్నేళ్ళ క్రితం ఒక ఎంపీ గారి ఆఫీసుకి వెళ్ళా, ఎవరో చెప్పను. చేతిలో 14 పేజీల ఫైలు, కలర్ ప్రింటు, స్పైరల్ బైండింగు, అంతా ఇంగ్లీషే. మార్స్ మీద నగరాలు, గ్రహశకలాల్లో ప్లాటినం, మానవజాతి భవిష్యత్తు, ఏం తక్కువ చెయ్యలేదు. పీఏ గారు మర్యాదస్తుడు, రెండు పేజీలు తిప్పాడు, బొమ్మలు చూశాడు, "చాలా బాగుంది సార్, ఇంతకీ మా సార్ ఏం చెయ్యాలంటారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "సపోర్ట్ చెయ్యాలి" అన్నా. "తప్పకుండా సార్" అన్నాడు, టీ ఇప్పించాడు, అంతే. నా వెనకాల కూర్చున్నాయన రైల్వే గేటు దగ్గర అండర్‌పాస్ కావాలని వచ్చాడు, ఒకే ఒక్క కాగితం, మీద సర్వే నంబరు. ఆయన పని ఐదు నిమిషాల్లో మూవ్ అయింది, నా కళ్ళముందే.

అప్పట్నుంచి నేను ఆ అండర్‌పాస్ పెద్దాయన్నే ఫాలో అవుతున్నా. ఎవర్ని అడుగుతున్నాం, ఆ మనిషి చేతిలో ఏముంది, ఉన్నదాంట్లోంచి ఏ ఒక్కటి కావాలి. ఈ మూడూ తేలకుండా ఇంట్లోంచి కదలకండి.

సరే, ఆ ఒక్కటి ఏంటి? దానికి ముందు కొంచెం చదువుకోవాలి, ఎక్కువేం లేదు, ఒక ఆదివారం చాలు. 2020 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ అంతరిక్ష రంగాన్ని ప్రైవేటుకి తెరిచింది, అనుమతులివ్వడానికి ఇన్‌-స్పేస్ అని ఒక సంస్థ పెట్టారు, దాని హెడ్డాఫీసు అహ్మదాబాద్‌లో. 2023 ఏప్రిల్‌లో ఇండియన్ స్పేస్ పాలసీ వచ్చింది. చిన్న డాక్యుమెంటే, ఒక మూల కూర్చుని చదివెయ్యొచ్చు, కానీ లోపల చాలా సరుకుంది. మనుషులు అంతరిక్షంలో నిలకడగా ఉండటానికి లాంగ్ టర్మ్ రోడ్‌మ్యాప్ తయారుచెయ్యమని ఇస్రోకి చెప్పారు. ప్రైవేటు కంపెనీ ఏదైనా గ్రహశకలం నుంచో చంద్రుడి నుంచో వనరులు తీస్తే దాన్ని దగ్గర పెట్టుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని కూడా ఉంది, మన అంతర్జాతీయ ఒప్పందాలకి లోబడి. ఇది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి రెండు సార్లు హాల్లో తిరిగా. 2024 ఫిబ్రవరిలో విదేశీ పెట్టుబడుల రూల్స్ కూడా సడలించారు, శాటిలైట్లకి 74 శాతం దాకా, రాకెట్లకి 49 శాతం దాకా, విడిభాగాలకి 100 శాతం దాకా స్పెషల్ పర్మిషన్ అక్కర్లేకుండానే.

ఇన్ని ఉన్నాయి, మరి లేనిదేంటి? చట్టం. పాలసీ వేరు, చట్టం వేరు. పాలసీ ఇవాళ ఉంటుంది, రేపు ఇంకో ప్రభుత్వం మార్చేస్తుంది, కోర్టులో నిలబడేది చట్టం. స్పేస్ యాక్టివిటీస్ బిల్లు డ్రాఫ్టు 2017 నవంబర్‌లో జనాల కామెంట్ల కోసం పెట్టారు, నెల రోజులు టైమిచ్చారు. నేను ఇది రాస్తున్న టైంకి అది ఇంకా చట్టం కాలేదు.

చట్టం ఎందుకంత ముఖ్యం అంటే నష్టపరిహారం గొడవ ఒకటుంది, అది అర్థమైతే సగం పని అయిపోయినట్టే, అందుకే కొంచెం ఆగి చెప్తా. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఒక దేశంలో ప్రైవేటు కంపెనీ అంతరిక్షంలో ఏం చేసినా దానికి ఆ దేశ ప్రభుత్వమే బాధ్యత. 1972లో వచ్చిన ఇంకో ఒప్పందం ప్రకారం మన గడ్డ మీంచి పోయిన రాకెట్ వల్ల భూమ్మీద ఇంకెవరికైనా నష్టం జరిగితే కట్టాల్సింది కూడా ప్రభుత్వమే, తప్పెవరిది అన్న ప్రశ్నే లేదు. కొడుకు బండి తీసుకెళ్ళి ఎవర్నో గుద్దితే తండ్రి వెళ్ళి కట్టొచ్చినట్టు. 1978లో సోవియట్ వాళ్ళ కాస్మోస్ 954 అనే ఉపగ్రహం అణు ఇంధనంతో సహా కెనడా ఉత్తరాన మంచులో పడింది, ఏరుకోడానికి కెనడాకి తల ప్రాణం తోకకొచ్చింది, 60 లక్షల కెనడా డాలర్లు అడిగితే బేరమాడి 1981లో 30 లక్షలు ఇచ్చారు. ఇప్పుడు మన హైదరాబాదు కంపెనీ ఒకటి రాకెట్ వదిలి అది ఎక్కడో పడితే బిల్లు ఢిల్లీకి వస్తుంది. ఢిల్లీ దాన్ని కంపెనీ దగ్గర ఎంత వసూలు చేస్తుంది? మొత్తమా? ఒక పరిమితి దాకానా? ఇన్సూరెన్స్ ఎంత చేయించాలి? ఇది చట్టంలో స్పష్టంగా లేకపోతే బ్యాంకువాడు అప్పివ్వడానికి భయపడతాడు, ఇన్సూరెన్స్‌వాడు ప్రీమియం పెంచుతాడు. అమెరికాలో కంపెనీ ఒక లెక్క దాకా ఇన్సూరెన్స్ చేయిస్తుంది, అది దాటితే ఇంకో లెక్క దాకా ప్రభుత్వం చూసుకుంటుంది, ఈ ఏర్పాటు 1988 నుంచీ ఉంది.

చూశారా, చంద్రుడి మీద ఊరు కట్టాలన్న కల చివరికి ఇన్సూరెన్స్ కాగితం దగ్గర ఆగింది. ఏమీ గ్లామర్ లేదు. కానీ ఎంపీ చేతిలో ఉన్నది ఇదే, అందుకే నేను అడిగే ఒక్కటి ఇదే. మీకు వేరేది నచ్చొచ్చు, స్పేస్ స్టేషన్‌కి నిధులు కావచ్చు, యూనివర్సిటీ ల్యాబు కావచ్చు, కానీ ఒక్కటే పట్టుకోండి.

ఇక ఎంపీ ఏం చెయ్యగలరో చూద్దాం. సులువైనది ప్రశ్న. లోక్‌సభలో నక్షత్రం ఉన్న ప్రశ్నలు రోజుకి 20, వాటికి మంత్రి లేచి జవాబు చెప్పాలి, ఎదురు ప్రశ్నలుంటాయి. నక్షత్రం లేనివి 230, వాటికి జవాబు రాతపూర్వకంగా వస్తుంది. మనలాంటి వాళ్ళకి రెండోదే బంగారం, ఎందుకంటే ఆ జవాబు రికార్డులో ఉండిపోతుంది, లోక్‌సభ సైట్‌లో ఎవడైనా చూడొచ్చు, రేపు పేపరువాళ్ళకి చూపించడానికి అంతకన్నా గట్టి కాగితం లేదు. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, కాబట్టి సెషన్ మొదలయ్యాక పరిగెత్తుకుంటూ వెళ్తే లాభం లేదు, సెషన్ డేట్లు పేపర్లో పడిన రోజే బయల్దేరండి. ప్రశ్న 150 మాటలు దాటకూడదు. బ్యాలెట్ తీస్తారు, మనది రాకపోవచ్చు, మాది మొదటిసారి రాలేదు, ఏం ఫర్లేదు, మళ్ళీ ఇవ్వండి. ఇది కాకుండా లోక్‌సభలో 377 నిబంధన కింద చిన్న స్టేట్‌మెంటు ఇవ్వొచ్చు, రాజ్యసభలో స్పెషల్ మెన్షన్ అంటారు, అర్జెంటు విషయాలు ఎత్తడానికి జీరో అవర్ ఉంటుంది. సైన్స్ అండ్ టెక్నాలజీ, పర్యావరణం చూసే స్టాండింగ్ కమిటీ ఒకటుంది, అంతరిక్ష శాఖ పద్దులు అక్కడికే వెళ్తాయి. ఆ కమిటీలో మన తెలుగు ఎంపీలు ఎవరైనా ఉన్నారేమో ముందు చూసుకోండి, ఉంటే మీ సొంత ఎంపీ కన్నా ముందు ఆయన్నే పట్టుకోండి.

ఉత్తరం ఎలా ఉండాలో చూపిస్తా. నేను ఇప్పుడు వాడేది దాదాపు ఇదే, కాపీ కొట్టుకోండి, మీ ఊరి పేరు మాత్రం మార్చండి, లేదంటే సూళ్ళూరుపేట నుంచి పది ఉత్తరాలొచ్చాయని పీఏ గారు కంగారు పడతాడు.

"గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులు గారికి నమస్కారం. నేను మీ నియోజకవర్గంలో ఫలానా మండలం, ఫలానా గ్రామం ఓటరుని. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను 2017 నవంబర్‌లో ప్రజల ముందుంచారు. ఇంతవరకూ చట్టం కాలేదు. మన రాష్ట్రంలో చదువుకున్న పిల్లలు ప్రైవేటు రాకెట్, ఉపగ్రహ కంపెనీల్లో పనిచేస్తున్నారు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరు ఎంత భరించాలో చట్టంలో లేనందువల్ల ఆ కంపెనీలకు పెట్టుబడి, ఇన్సూరెన్సు కష్టమవుతాయి. కాబట్టి రాబోయే సమావేశాల్లో తమరు ఈ మూడు విషయాలు అడగగలరని మనవి. బిల్లు ఇప్పుడు ఏ దశలో ఉంది. సభలో ఎప్పుడు ప్రవేశపెడతారు. కంపెనీల బాధ్యతకు పరిమితి పెట్టే ఆలోచన ఉందా, ఉంటే ఎంత. ప్రశ్న ముసాయిదా ఇంగ్లీషులో జతచేశాను."

అంతే. ఒక పేజీ, కింద సంతకం, ఫోన్ నంబరు. ఆ జతచేసిన ఇంగ్లీషు ముక్క మర్చిపోకండి, పీఏకి టైపు చేసే పని తగ్గించినవాడికే పని అవుతుంది. ఇంకోటి, ఢిల్లీ ఆఫీసుకి మెయిల్ పెట్టడం కన్నా నియోజకవర్గం ఆఫీసుకి మనిషి వెళ్ళడం మేలు, ఒక్కరు కాదు, ముగ్గురు వెళ్ళండి, అందులో ఒక టీచరుంటే మర్యాద వేరు. ఉత్తరం ఇచ్చి ఇంకో కాపీ మీద స్టాంపు వేయించుకోండి, డేటుతో. స్టాంపు లేని కాగితం ఇవ్వని కాగితంతో సమానం.

చట్టాల డ్రాఫ్టులు కామెంట్లకి పెట్టినప్పుడు మాత్రం వదలకండి. ఏ బిల్లయినా కనీసం 30 రోజులు జనాల ముందుంచాలని 2014లో కేంద్రం ఒక పద్ధతి పెట్టుకుంది. అందులో రాసేటప్పుడు "బిల్లు బాగుంది, అభినందనలు" అని రాయకండి, ఫలానా సెక్షన్‌లో ఫలానా మాట తీసి ఈ మాట పెట్టండి, కారణం ఇది, అని రాయండి. రెండు సెక్షన్ల మీద రాస్తే చాలు. ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఆర్టీఐ ఉంది, పది రూపాయలు, 30 రోజులు.

రాష్ట్రంలో అయితే లెక్క వేరు. రాకెట్ల మీద అధికారం కేంద్రానిదే కానీ స్థలం, కరెంటు, నీళ్ళు, రోడ్డు, సర్కారీ ఐటీఐలు రాష్ట్రం చేతిలోవి. తెలంగాణ 2022లో స్పేస్‌టెక్ పాలసీ తెచ్చింది, ఆంధ్రా 2025లో తెచ్చింది, లేపాక్షి దగ్గరా తిరుపతి దగ్గరా స్పేస్ సిటీలు అంటున్నారు. ఎమ్మెల్యేని మార్స్ గురించి అడిగి ఇబ్బంది పెట్టకండి, మన ఐటీఐలో కంప్యూటర్‌తో లోహం చెక్కే సీఎన్‌సీ మెషిన్లు ఎన్ని పనిచేస్తున్నాయి అని అడగండి. బాలానగర్‌లో ఎంటీఏఆర్ కంపెనీవాళ్ళు ఇస్రోకి వికాస్ అనే రాకెట్ ఇంజన్లు చేసిస్తారు, ఆ పని చేసేది ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు. "స్పేస్ అంటే ఐఐటీ పిల్లలకే కదా" అనేవాడికి ఈ ఒక్క ముక్క చాలు.

ఇప్పుడు అసలు యుద్ధభూమి. పెళ్ళి భోజనాలు.

పక్క కుర్చీలో బాబాయి ఉంటాడు, గ్యారంటీగా ఉంటాడు, పప్పులో నెయ్యి వేసుకుంటూ అంటాడు, "ఏరా, ఇక్కడ తాగడానికి నీళ్ళు లేవు, చంద్రుడి మీద నీళ్ళు దేనికిరా?" ఇక్కడ మనవాళ్ళు చేసే తప్పేంటంటే వెంటనే ఆవేశపడిపోయి విజ్ఞానం, దేశ ప్రతిష్ఠ అని ఉపన్యాసం మొదలుపెడతారు. వద్దు. బాబాయి అడిగింది న్యాయమైన ప్రశ్న. ముందు ఒప్పుకోండి, తర్వాత లెక్క చెప్పండి. 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల 65 వేల కోట్లు, అందులో అంతరిక్ష శాఖకి 13,416 కోట్లు. అంటే ప్రభుత్వం వంద రూపాయలు ఖర్చుపెడితే అందులో పావలా, ఒక పైసా అటూ ఇటూ. "బాబాయ్, పావలాకే ఇది, మిగతా 99 రూపాయల 75 పైసల్లో నీళ్ళెందుకు రాలేదో అడుగుదాం పద" అనండి, నవ్వుతూనే అనండి. మా బాబాయి ఆ రోజు నవ్వాడు కానీ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

దివిసీమ గురించి కూడా చాలామంది చెప్తారు, నేనూ చెప్పేవాణ్ణి. 1977 నవంబర్ 19 ఉప్పెనలో పదివేల మంది పోయారు, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖనే పట్టి ఊపేసినా ప్రాణనష్టం పదుల్లో ఆగింది, మధ్యలో వచ్చింది ఇన్‌శాట్ ఉపగ్రహాల ఫొటోలు, రాడార్లు, తుఫాను షెల్టర్లు, ముందే ఖాళీ చేయించే పద్ధతి. ఇది నిజం, చెప్పాలి. కానీ నిజాయితీగా చూస్తే ఇది ఉపగ్రహాలకి జవాబు, మనుషులు వెళ్ళి ఉండటానికి జవాబు కాదు. తెలివైన బాబాయి దొరికితే అక్కడే పట్టేస్తాడు, "మరి మెషిన్లు చాలు కదా, మనిషెందుకు?" అని. నన్ను పట్టేశారు, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు.

దానికి నేను ఇప్పుడు చెప్పే జవాబు వలస. మన దగ్గర వలస తెలియని ఇల్లుందా? శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి రంగూన్ వెళ్ళారు, రేవులో మూటలు మోశారు, రైసు మిల్లుల్లో చేశారు. పాలమూరు నుంచి వెళ్ళి దేశమంతా ప్రాజెక్టులు కట్టారు. కరీంనగర్ నుంచి దుబాయ్ వెళ్ళారు. ఒక్కరైనా "నాగరికతని విస్తరిద్దాం" అని బయల్దేరారా? పని ఉందన్నారు, వెళ్ళారు, మొదట మేస్త్రీ వెళ్ళాడు, తర్వాత వంటవాడు వెళ్ళాడు, తర్వాత ఒకడు కిరాణా కొట్టు పెట్టాడు, పదేళ్ళకి అక్కడో రాములోరి గుడి వచ్చింది. అంతరిక్షంలోనూ అంతే జరుగుతుందని నా అభిప్రాయం. ముందు వ్యాపారం, దాని వెనకాల ఊరు. భూకక్ష్యలో ఫ్యాక్టరీ పెడితే రిపేరుకి మనిషి కావాలి, చంద్రుడి ధ్రువాల దగ్గర మంచు తవ్వితే (చంద్రుడి మీద నీటి జాడ చెప్పింది మన చంద్రయాన్-1 మీద వెళ్ళిన పరికరమే, 2009లో) అక్కడ మెషిన్ మొరాయించినప్పుడు దగ్గర్లో ఎవరో ఒకరుండాలి. భారతీయ అంతరిక్ష స్టేషన్ 2035 కల్లా, చంద్రుడి మీద మనవాడు 2040 కల్లా అని ప్రభుత్వం టార్గెట్లు పెట్టుకుంది. ఆ స్టేషన్‌లో ప్రైవేటువాళ్ళకి ఎంత చోటిస్తారు, ఏ రేటుకి ఇస్తారు అన్నది ఇప్పట్నుంచే అడగాల్సిన ప్రశ్న.

వలస అన్నాక దాని చేదు కూడా చెప్పాలి, దాచిపెడితే మన మాట ఎవడూ నమ్మడు. గల్ఫ్‌లో పాస్‌పోర్టు లాక్కున్న యజమానులు ఎంతమంది. చంద్రుడి మీద పాస్‌పోర్టు కాదు, పీల్చే గాలే కంపెనీది. జీతం గొడవొస్తే ఎక్కడికి పోతాడు? తిరుగు టికెట్ ఎవరి జేబులో ఉంటుంది? స్పేస్ కావాలనేవాళ్ళే ఈ మాట ముందు ఎత్తాలి, యూనియన్లవాళ్ళు ఎత్తేదాకా ఆగితే మనం కంపెనీల తరఫు మనుషుల్లా మిగిలిపోతాం. ఆ హెడ్మాస్టరు గారు ఈ ముక్క విన్నాకే నాతో ఎంపీ ఆఫీసుకి వచ్చారు. టీచరు ఉంటే మర్యాద వేరు అన్నానే, ఆయనే.

స్కూళ్ళకి తప్పకుండా వెళ్ళండి. ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం, అక్టోబర్ 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు, ఆ టైంలో హెడ్మాస్టర్లు వద్దనరు. ప్రొజెక్టర్ మీద ఆశ పెట్టుకోకండి, కరెంటు పోతుంది. నేను ఒక జడ్పీ హైస్కూల్‌కి రాకెట్ బొమ్మలన్నీ పట్టుకెళ్తే ఎనిమిదో తరగతి పాప లేచి "అక్కడ బాత్రూం ఎట్లా సార్?" అంది, క్లాసంతా గొల్లుమంది, నేను తడబడ్డా. ఇప్పుడు నేను దాంతోనే మొదలుపెడతా. ఒక బిందె, ఒక గ్లాసు పట్టుకెళ్తా. బిందెలో వంద గ్లాసుల నీళ్ళున్నాయనుకోండి, స్పేస్ స్టేషన్‌లో వ్యోమగాముల చెమట, ఊపిరిలో తేమ, మూత్రం అన్నీ పట్టి శుద్ధిచేస్తే 98 గ్లాసులు మళ్ళీ బిందెలోకే వస్తాయి, నాసా 2023లో ఆ లెక్కకి చేరింది. "ఛీ" అంటారు, మరుక్షణం "అట్లాంటి మెషిన్ మన ఊరికి పెట్టొచ్చుగా సార్" అంటాడు ఒకడు. అదిగో, బాబాయి ప్రశ్నకి జవాబు వాడే చెప్పాడు. తర్వాత తడిగుడ్డలో మెంతులూ పెసలూ కట్టించండి, 2025 జూన్‌లో వెళ్ళిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా స్టేషన్‌లో మొలకెత్తించినవి అవే, రెండు రోజులకి పిల్లలు వాళ్ళ మొలకలు చూసుకుంటారు. మన గుంటూరు వైపు మూలాలున్న శిరీష బండ్ల 2021 జులైలో అంతరిక్షం అంచుదాకా వెళ్ళొచ్చిన సంగతి చెప్తే ఆడపిల్లలు ముందుకి జరిగి కూర్చుంటారు, నేను చూశా. కష్టాలూ చెప్పండి, బరువు లేనిచోట ఎముకల సాంద్రత నెలకి ఒకటి, ఒకటిన్నర శాతం దాకా తగ్గొచ్చని, అందుకే రోజూ రెండు గంటలు ఎక్సర్‌సైజు అని.

చెయ్యకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. దీపావళి రాత్రి ఇండియా అని నాసా పేరుతో తిరిగే ఫొటో ఫార్వర్డ్ చెయ్యకండి, అది దీపావళి ఫొటో కాదు. చందమామ మీద ప్లాటు కొన్నానని సర్టిఫికెట్ ఫ్రేము కట్టించేవాళ్ళని మన ఈవెంట్లకి పిలవకండి. మనవాళ్ళకి ప్లాటంటే మహా ప్రీతి, ఔటర్ రింగు రోడ్డు దాటి దాటి అక్కడిదాకా వెళ్ళారు, కానీ 1967 ఒప్పందం ప్రకారం చంద్రుణ్ణి ఏ దేశమూ సొంతం చేసుకోకూడదు, దేశానికే లేని పట్టా దుకాణంవాడు ఎక్కడ్నుంచి తెస్తాడు? తవ్వితీసిన వనరు సంగతి వేరు, నేల సంగతి వేరు, ఈ తేడా మీకు క్లియర్‌గా తెలిసుండాలి. పార్టీ కండువా వేసుకుని కూడా వెళ్ళకండి, ఇవాళ్టి ప్రతిపక్షం రేపటి మంత్రి.

షార్ చుట్టుపక్కలవాళ్ళతో మాట్లాడేటప్పుడు అయితే నోరు తక్కువ, చెవులు ఎక్కువ. రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట దీవి మీద యానాదులు బతికేవాళ్ళు, కేంద్రం కోసం వాళ్ళు ఆ నేల వదలాల్సి వచ్చింది. ఇప్పటికీ లాంచ్ ఉన్నప్పుడు జాలర్లని సముద్రంలోకి పోవద్దంటారు. నెలకి ఒకటీ అరా వదిలితే సర్దుకుంటారు, మూడో లాంచ్ ప్యాడ్‌కి 2025 జనవరిలో దాదాపు 3,985 కోట్లతో ఓకే చెప్పారు, ప్రైవేటు రాకెట్లు కూడా పెరిగితే వేటకి పోలేని రోజులూ పెరుగుతాయి. ఆ కూలి ఎవరిస్తారు? నేను ఇదే అడుగుతా అని చెప్పాకే పులికాట్ ఒడ్డున ఒక పెద్దాయన నన్ను కూర్చోమన్నాడు.

ఇంత చిన్న గుంపుతో ఏమవుతుంది అనిపిస్తే ఒక పాత సంగతి వినండి. 1975లో అమెరికాలో ఎల్‌5 సొసైటీ అని పెట్టారు, అంతరిక్షంలో కాలనీలు కట్టాలనే మామూలు జనం. 1979లో చంద్రుడి ఒప్పందం అని ఐక్యరాజ్యసమితిలో ఒకటొచ్చింది, చంద్రుడి వనరులు మానవాళి ఉమ్మడి వారసత్వం అని. అది వస్తే వ్యాపారం జరగదని వీళ్ళ భయం. చందాలేసుకుని ఒక లాయర్ని పెట్టుకుని, సెనేటర్లకి ఉత్తరాలూ ఫోన్లూ చేసి, అమెరికా దాన్ని ఆమోదించకుండా చూశారు. వాళ్ళ వాదన మీకు నచ్చాలని లేదు, నాకే సగమే నచ్చుతుంది, ఉమ్మడి వారసత్వం అన్న మాటలో తప్పేముంది అనిపిస్తుంది. మన దేశం 1982లో దాని మీద సంతకం పెట్టింది, ఆమోదించలేదు, మళ్ళీ 2023లో, వనరులు తీసుకోవచ్చనే అమెరికా వాళ్ళ ఆర్టెమిస్ ఒప్పందాల్లోనూ చేరింది, రెండు పడవల మీద చెరో కాలు. కానీ వాళ్ళు కాలనీలు కావాలని అడగలేదు చూడండి, ఒక్క ఒప్పందం మీద ఒక్క పని అడిగారు. కాలనీ ఇంకా రాలేదు, ఆ పని మాత్రం అయింది.

చివరగా, ఎవరినైనా ఒప్పించాలంటే ఒకసారి లాంచ్ చూపించండి. షార్‌లో జనం కూర్చుని చూడటానికి గ్యాలరీ కట్టారు, ఆన్‌లైన్‌లో ముందే రిజిస్టర్ చేసుకోవాలి, గుర్తింపు కార్డు కావాలి, సూళ్ళూరుపేట దాకా రైలుంది. నీళ్ళూ టోపీ మర్చిపోకండి. వాయిదా పడొచ్చు, ఆ మాట ముందే చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే బాబాయి జీవితాంతం దెప్పుతాడు.

ఆ పీఏ గారి దగ్గరికి ఇప్పటికి ఐదుసార్లు వెళ్ళా, ప్రతిసారీ ఒకటే కాగితం, ఒకటే అడుగు. పోయినసారి సెషన్ డేట్లు నేను పేపర్లో చూడకముందే ఆయనే ఫోన్ చేశాడు, "సార్, నోటీసులు పంపుతున్నాం, మీ ప్రశ్న ఏమైనా మార్చాలా?" అని. తర్వాత ఆఫీసులో ఆయన ఫోన్ టేబుల్ మీద ఉంటే నా నంబరు ఏ పేరుతో సేవ్ చేసుకున్నాడో కనిపించింది. చందమామ ఇన్సూరెన్స్.